కుదుపుకూ బోల్తాకూ నడుమ: సైడ్-బై-సైడ్ బండి చరిత్ర

సైడ్-బై-సైడ్ అంటే రోడ్డు లేని చోట తిరగడానికి తయారైన చిన్న నాలుగు చక్రాల బండి. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. డ్రైవరు ముందు కారులో ఉన్నట్టే స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు, తల మీద ఇనుప గొట్టాల పంజరం, వెనుక సామాను వేసుకునే తొట్టి ఉంటాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల పశుక్షేత్రాల్లోనూ అడవి దారుల్లోనూ ఎడారి ఇసుకలోనూ ఇది మామూలుగా కనిపించే బండి. దీన్ని తయారుచేసేవాళ్ల మీద మొదటి నుంచీ రెండు బాధ్యతలు ఒకేసారి పడ్డాయి. గతుకుల మీద లోపలివాళ్ల నడుము విరగకుండా చూడాలి. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు బండి పక్కకు పడిపోకుండానూ చూడాలి. మెత్తటి స్ప్రింగు మొదటి పనికి మంచిది, రెండో పనికి చెరుపు. బిగువు స్ప్రింగు రెండో పనికి మంచిది, మొదటి పనికి చెరుపు. ప్రకటనల్లో ఈ బండ్లు ఇసుక దిబ్బల మీద ఎగురుతూ కనిపిస్తాయి గానీ, వాటి రూపురేఖలను మార్చిన పాఠాలు చాలావరకు తక్కువ వేగంలో, చదును నేల మీద నేర్చుకున్నవే.

వీటికి ముందుతరం బండి ఒకటి సైన్యంలో ఉంది. 1956లో విల్లీస్ కంపెనీ అమెరికా సైన్యం కోసం ఎం274 అనే బండిని తయారుచేసింది. సైనికులు దాన్ని మెకానికల్ మ్యూల్ అనేవారు. నాలుగు చక్రాల మీద ఒక బల్ల, దాని అడుగున ఇంజిను, ముందు ఒక మనిషికి సీటు, అంతే. అర టన్ను బరువు, అంటే తన బరువు కంటే ఎక్కువ మోసేది. దానికి స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. కుదుపును కాచుకోవడానికి ఉన్నవల్లా టైర్లలోని గాలి, సీటులోని దిండు. కాల్పులు జరిగే చోట డ్రైవరు స్టీరింగు కడ్డీని కిందికి వంచి, బండి వెనకాల పాకుతూ కూడా నడిపేలా ఏర్పాటు ఉండేది. అది మనిషి నడక వేగానికి తగ్గట్టు తయారైన బండి కాబట్టి సౌకర్యం గురించి ఎవరూ పట్టించుకోలేదు.

1961లో కెనడాలో వచ్చిన జైగర్, ఆ దశాబ్దం చివర వచ్చిన యాంఫీక్యాట్ వంటి ఆరు చక్రాల బండ్లు కూడా టైర్లనే స్ప్రింగులుగా వాడుకున్నాయి. గాలి తక్కువగా నింపిన లావుపాటి టైరు చిన్న రాయిని తనలోకి తీసుకుని దాటిపోతుంది, బురదలోనూ మంచులోనూ దిగబడదు. అయితే టైరు స్ప్రింగు పని చేస్తుంది గానీ షాక్ అబ్జార్బర్ పని చేయలేదు. నొక్కుకుపోయినప్పుడు దాచుకున్న శక్తిని దాదాపు మొత్తంగా తిరిగి పైకి తోస్తుంది. నడక వేగంలో ఇది తెలియదు. వేగం కొంచెం పెరిగిందంటే బండి ఎగిరెగిరి పడుతుంది. పైగా గాలి తక్కువైన టైరు మలుపులో పక్కకు వంగిపోతుంది కాబట్టి స్టీరింగు తిప్పిన క్షణానికీ బండి తిరిగిన క్షణానికీ మధ్య జాప్యం వస్తుంది.

ఈ టైరును పెద్ద మార్కెట్టుకు తెచ్చింది హోండా. చలికాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోక ఖాళీగా కూర్చున్న అమెరికా డీలర్లు, ఆ నెలల్లో అమ్ముకోవడానికి ఏదైనా ఇవ్వమని కంపెనీని అడిగారు. ఇంజనీరు ఒసాము తకేయుచి బృందం రకరకాల నమూనాలు ప్రయత్నించి, యాంఫీక్యాట్ టైర్లను చూశాక మూడు చక్రాల దగ్గర ఆగింది. 1970లో యూఎస్90 పేరుతో వచ్చిన ఆ బండి తర్వాత ఏటీసీ90 అయింది. దాని టైర్లు 22 అంగుళాలవి. వాటిలో నింపే గాలి కారు టైరులో పదో వంతు కూడా ఉండదు. సస్పెన్షన్ మాత్రం లేదు.

ఆ బండి వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉండేవి, వాటిని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండేది కాదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. రెండూ ఒకే ఇరుసు మీద బిగిసి ఉంటే ఏదో ఒకటి నేల మీద గీరుకోవాల్సిందే. అందుకే బండి తిరగనని మొరాయించి నేరుగా పోతుంది. నడిపేవాడు ఫుట్‌రెస్టు మీద బరువు వేసి, ఒళ్లు వంచి, లోపలి చక్రాన్ని తేలిక చేస్తే గానీ తిరగదు. అలవాటైన వాడి శరీరమే ఆ బండికి సస్పెన్షన్‌గానూ డిఫరెన్షియల్‌గానూ పనిచేసేది. ఆ నేర్పు లేని పిల్లలూ కొత్తవాళ్లూ పడిపోయారు, చాలామంది చనిపోయారు. అమెరికా ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. 1988లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం తయారీదార్లు మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశారు. సుజుకి 1982లోనే నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్‌ను తెచ్చింది కనుక మార్కెట్టు అటువైపు మళ్లింది. అయితే ఏటీవీ అని పిలిచే ఈ నాలుగు చక్రాల బండిని కూడా గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చుని, ఒళ్లు వంచే నడపాలి. సైడ్-బై-సైడ్‌లో ఆ వీలు లేదు. బెల్టు పెట్టుకుని సీటులో కూర్చున్న డ్రైవరు తన బరువును అటూ ఇటూ జరపలేడు. ఏటీవీ మీద మనిషి చేసిన పనంతా ఇక్కడ చక్రాలు, స్ప్రింగులు, ఇరుసులే చేయాలి.

1988లోనే కవాసాకి మ్యూల్ 1000ను అమ్మకానికి పెట్టింది. పొలాల్లో, ఫ్యాక్టరీ ఆవరణల్లో, గోల్ఫ్ మైదానాల్లో సామాను మోయడానికి తయారైన బండి అది. జాన్ డీర్ 1987లో ఐదు చక్రాల ఏఎంటీ 600తో మొదలుపెట్టి 1992లో గేటర్‌ను తెచ్చింది. ఇవి గంటకు 40 కిలోమీటర్ల లోపు తిరిగే పని బండ్లు. తొలి గేటర్లలో వెనుక ఇరుసులకు స్ప్రింగులు లేవు, భారమంతా టైర్ల మీదే. దీనికి కారణం పిసినారితనం కాదు. పని బండికి ఉన్న చిక్కు అలాంటిది. ఖాళీ బండికి, తొట్టి నిండా రాళ్లు వేసిన బండికి వెనుక బరువులో ఎంతో తేడా ఉంటుంది. నిండు భారానికి సరిపోయే స్ప్రింగు వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు బండి గతుకు గతుకుకూ ఎగురుతుంది. ఖాళీ బండికి సరిపోయే స్ప్రింగు వేస్తే భారం పడగానే తొట్టి కూలబడి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. లారీల్లో కమాన్ పట్టీల కట్ట కింద అదనపు పట్టీలు వేసి, భారం పడ్డాకే అవి తగిలేలా చేస్తారు. పని బండ్లు చాలాకాలం ఈ రెండు చివరల మధ్య ఎక్కడో ఒకచోట రాజీపడ్డాయి. 1998లో వచ్చిన పొలారిస్ రేంజర్ తర్వాతి తరాల్లో కొన్ని మోడళ్లకు నివోమాట్ షాక్ అబ్జార్బర్లు అమర్చారు. బండి గతుకుల మీద పైకీ కిందికీ ఊగే కదలికనే పంపుగా వాడుకుని, లోపలి నూనెను అదిమి, భారానికి కుంగిన వెనుక భాగాన్ని మళ్లీ పైకి లేపే షాక్ అది. కరెంటు అక్కర్లేదు, కంప్రెసర్ అక్కర్లేదు. ఈ మొత్తం చరిత్రలో ఇంత పొందికైన పరిష్కారాలు తక్కువ.

నెమ్మది మలుపు సమస్యకు పని బండ్లు కనుక్కున్న జవాబు డిఫరెన్షియల్‌ను కోరినప్పుడు కలిపి, అక్కర్లేనప్పుడు విడదీసే మీట. బురదలో రెండు వెనుక చక్రాలూ కలిసి తిరగాలి. పచ్చిక మీదో వాకిట్లోనో మలుపు తిప్పేటప్పుడు విడివిడిగా తిరగాలి. పొలారిస్ రెండో స్థితికి టర్ఫ్ మోడ్ అని పేరు పెట్టింది. దానివల్ల పచ్చిక చిరగదు, మలుపు చిన్నదవుతుంది, స్టీరింగు తేలికవుతుంది.

2003 చివర్లో 2004 మోడల్‌గా వచ్చిన యమహా రైనో 660తో ఈ బండి స్వభావమే మారింది. యమహా తన గ్రిజ్లీ 660 ఏటీవీలోని ఇంజిన్నే తీసుకుని, నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చి, ఇద్దరు కూర్చునే సన్నటి బండిని తయారుచేసింది. సన్నగా ఉండటం వల్ల చెట్ల మధ్య దూరేది. నేల నుంచి ఎత్తుగా ఉండటం వల్ల రాళ్లు తగిలేవి కావు. పని బండి కంటే మెత్తగా, చాలా చురుగ్గా నడిచేది. పొలం పనికి కొన్నవాళ్లు సెలవు రోజున అడవికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. వినోదం కోసం నడిపే సైడ్-బై-సైడ్ అనే మార్కెట్టు దీనితోనే స్థిరపడింది. సన్నటి బండికి ఎత్తయిన గరిమనాభి తోడైతే ఏం జరుగుతుందో కూడా దీనితోనే తెలిసింది.

బండి పక్కకు పడకుండా నిలవగలిగే శక్తి ప్రధానంగా రెండు కొలతల మీద ఆధారపడుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే బండి అంత స్థిరం. వెడల్పు తగ్గినా ఎత్తు పెరిగినా ఆ అంకె పడిపోతుంది. రైనో ప్రమాదాలపై ఫిర్యాదులు పెరిగాక, 2007లో యమహా సగం తలుపులనూ అదనపు పట్టుకొమ్ములనూ ఉచితంగా బిగించడానికి ముందుకొచ్చింది. బండి ఒరిగినప్పుడు మనుషులు కాలు బయట పెట్టి ఆపబోయి, అది నలిగిపోయేది. తలుపు ఆ కాలును లోపలే ఉంచుతుంది గానీ బండి ఒరగడాన్ని ఆపలేదు.

2009 మార్చి 31న అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం, యమహా కలిసి మరమ్మతు కార్యక్రమాన్ని ప్రకటించాయి. సంఘం పరిశీలించిన ఘటనలు 50కి పైగా, వాటిలో చనిపోయినవాళ్లు 46 మంది. మూడింట రెండొంతుల పైచిలుకు ఘటనల్లో బండి బోల్తా పడింది. బోల్తాల్లో చాలావరకు తక్కువ వేగంలో, చదును నేల మీద, మలుపు తిప్పుతుండగా జరిగినట్టు కనిపించిందని సంఘం చెప్పింది. బెల్టు పెట్టుకోనివాళ్లు అందులో చాలామంది. బండిలో లోపం లేదన్న వాదన మీద యమహా నిలబడింది, జ్యూరీల ముందుకు వెళ్లిన కేసుల్లో చాలావాటిలో నెగ్గింది కూడా. కానీ లక్షకు పైగా బండ్లకు చేసిన ఆ మరమ్మతు ఏమిటన్నది కోర్టు తీర్పుల కంటే ఎక్కువ నేర్పుతుంది. వెనుక చక్రాలకు స్పేసర్లు పెట్టి బండిని వెడల్పు చేశారు. వెనుక ఉన్న స్వే బార్‌ను తీసేశారు.

మొదటి మార్పు కొలతలు చూస్తే వెంటనే అర్థమవుతుంది. రెండోది వింతగా తోస్తుంది, ఎందుకంటే బండి ఒరగకుండా ఆపడమే స్వే బార్ పని. అది ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఉక్కు కడ్డీ. ఒక చక్రం పైకి వెళ్లి రెండోది కిందనే ఉంటే కడ్డీ మెలిపడి ఎదురుతిరుగుతుంది. రెండూ ఒకేసారి గతుకెక్కితే దానికి పనిలేదు. మలుపులో బండి బరువు బయటి చక్రాల మీదికి మళ్లుతుంది. ఆ మళ్లిన బరువులో ముందు టైరు వాటా ఎంత, వెనుక టైరు వాటా ఎంత అన్నది ఒరుగుదలను ఏ ఇరుసు ఎక్కువ బిగువుతో అడ్డుకుంటుందో దాన్నిబట్టి తేలుతుంది. కడ్డీ వెనుకనే ఉంటే వెనుక బిగువు ఎక్కువవుతుంది, వెనుక బయటి టైరు మీద మోయలేనంత పడుతుంది, వెనుక టైర్ల మొత్తం పట్టు తగ్గుతుంది. అప్పుడు వెనుక భాగం బయటికి జారి, డ్రైవరు తిప్పినదానికంటే బండి ఎక్కువ తిరుగుతుంది. ఇదే ఓవర్‌స్టీర్. మలుపు ఉన్నట్టుండి బిగుసుకోవడంతో పక్కకు తోసే బలం డ్రైవరు ప్రమేయం లేకుండానే పెరుగుతుంది. ఆ బలం హద్దు దాటితే బండి తిరగబడుతుంది. కడ్డీ తీసేస్తే వెనుక చక్రాలు నేలను అంటిపెట్టుకుంటాయి, ముందు టైర్లే ముందుగా జారతాయి, మలుపు దానంతటదే కాస్త విప్పుకుంటుంది. బండి మునుపటి కంటే కొంచెం ఎక్కువ ఒరుగుతుంది గానీ పడిపోయే అవకాశం తగ్గుతుంది. వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి ముడిపడకుండా రాయి ఎక్కి దిగుతాయి కాబట్టి ప్రయాణం కూడా కాస్త మెత్తబడుతుంది.

ఇక ప్రమాణాల ఘట్టం. తయారీదార్ల సంఘం రోవా 2010లో మొదటి స్వచ్ఛంద ప్రమాణాన్ని తెచ్చింది. అది చాలదని భావించిన భద్రతా సంఘం 2014లో తప్పనిసరి నిబంధనల ముసాయిదా ప్రచురించింది. 2003 నుంచి 2011 వరకు నమోదైన 428 ఘటనలను అందుకు ఆధారంగా చూపించింది. వాటిలో 231 మంది చనిపోయారు. 291 ఘటనల్లో బండి పక్కకు బోల్తా పడింది, వాటిలో సగానికి పైగా మలుపు తిప్పుతున్నప్పుడే. ముసాయిదా మూడు విషయాలు కోరింది. గంటకు 30 మైళ్ల వేగంలో స్టీరింగును ఒక్కసారిగా తిప్పే పరీక్షలో, గురుత్వ బలంలో కనీసం 0.70 వంతు పక్కబలం వచ్చేదాకా బండి నిలవాలి. మామూలు మలుపుల్లో అండర్‌స్టీర్, అంటే ముందు టైర్లే ముందుగా జారే గుణం, చూపించాలి. ముందు సీట్లవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే వేగం 15 మైళ్లు దాటకూడదు. కంపెనీలు గట్టిగా వ్యతిరేకించాయి. అండర్‌స్టీర్‌ను తప్పనిసరి చేస్తే ఇసుకలో, వదులు మట్టిలో బండి తిరగడమే కష్టమవుతుందన్న వాళ్ల వాదనలో కొంత నిజముంది. చివరికి 2016లో స్వచ్ఛంద ప్రమాణాన్నే కఠినం చేసుకోవడంతో తప్పనిసరి నిబంధన ఆగిపోయింది. ఇన్నేళ్ల తగవులో నిజంగా మిగిలింది ఒకటే: పక్కకు పడకుండా నిలవడం, మలుపులో బండి తీరు అనే రెండింటినీ నడిపేవాళ్ల నేర్పుకు వదిలేయకుండా కొలిచి చూపించాల్సిన గుణాలుగా పరిశ్రమ ఒప్పుకుంది.

ఈ తగవు సాగుతుండగానే బండి ఆకారం మారిపోయింది. అమెరికా జాతీయ అడవుల్లో చాలా దారులు 50 అంగుళాల వెడల్పు దాటని బండ్లకే తెరిచి ఉంటాయి. 2007లో వచ్చిన పొలారిస్ ఆర్‌జెడ్ఆర్ 800 సరిగ్గా 50 అంగుళాల వెడల్పుతో, సీట్లనూ ఇంజిన్నూ వీలైనంత కిందికి దించి ఆ దారుల్లోకి దూరింది. చక్రం పైకీ కిందికీ కదిలే దూరం, అంటే ట్రావెల్, అందులో సుమారు 9 అంగుళాలు. తర్వాత వచ్చిన ఆర్‌జెడ్ఆర్ ఎస్ 60 అంగుళాలకు వెడల్పై, ట్రావెల్‌ను 12కు పెంచింది. 2011లో ఎక్స్‌పీ 900 ముందు 13.5, వెనుక 14 అంగుళాలు ఇచ్చింది. బాహా ఎడారి పందేల బండ్ల నుంచి తీసుకున్న పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్ దాని వెనుక సస్పెన్షన్‌కు ఆధారం. 2012 మోడల్ ఆర్కిటిక్ క్యాట్ వైల్డ్‌క్యాట్ 17, 18 అంగుళాలకు చేరింది. 2013లో వచ్చిన ఎక్స్‌పీ 1000 ముందు 16, వెనుక 18 ఇచ్చింది. 2016లో క్యాన్-యామ్ మావెరిక్ ఎక్స్3 నాలుగు చక్రాలకూ 20 అంగుళాలు ఇచ్చి, కొన్ని రకాల్లో అంతకు మించిపోయింది. దాని వెడల్పు రకాలు 72 అంగుళాలు, అంటే ఆరడుగులు. అంతకు పదేళ్ల ముందు అడవి దారి గేటులో దూరడానికి తపించిన బండి ఇక ఆ గేటు ముఖమే చూడలేదు.

పొడవైన ట్రావెల్ వల్ల మెత్తటి స్ప్రింగు వేయడానికి వీలు కలుగుతుంది. చక్రానికి కదలడానికి దూరం ఉంటే దెబ్బను నిదానంగా అరిగించుకోవచ్చు. చోటు లేకపోతే బిగువుగా అడ్డుకోవాలి. కానీ మెత్తటి పొడవాటి స్ప్రింగుల మీద ఎత్తుగా నిలబడ్డ బండి చిన్న మలుపులోనూ ఊగుతుంది. మళ్లీ స్వే బార్లు కావలసి వచ్చాయి. ఈసారి ముందూ వెనుకా తూకం చూసి పెట్టారు. రాళ్ల మధ్య పాకేవాళ్లు ఆ బార్లను విడదీయడం నేర్చుకున్నారు, ఎందుకంటే ఒక చక్రం బండరాయి ఎక్కినప్పుడు రెండోది గుంతలోకి దిగాలి, బార్ ఉంటే అది దిగనివ్వదు. బిగించిన బార్ రాళ్ల మీద కుదుపు, విడదీసిన బార్ వాలు మలుపులో భయం. పరికరం ఒకటే అయినా నేల మారేసరికి దాని మంచిచెడ్డలు మారిపోతాయి.

కొత్త బండ్లు కొన్నవాళ్లకు మరో ఆశ్చర్యం ఎదురైంది. 18 అంగుళాల ట్రావెల్ ఉన్న బండి గంటకు 80 కిలోమీటర్లకు గాలిలో తేలినట్టు పోతుంది. అదే బండి ఇంటి దగ్గరి రాళ్ల దారిలో 20 కిలోమీటర్లకు ఎముకలు కదిలిస్తుంది. కారణం ఫ్యాక్టరీ అమరికలో ఉంది. సీట్ల నిండా మనుషులూ సామానూ ఎక్కి, ఆ బండి దిబ్బ మీద నుంచి దూకినా అడుగు తగలకూడదని తయారీదారు స్ప్రింగును బిగువుగా ఎంచుకుంటాడు. ఒక్కడే డ్రైవరు నెమ్మదిగా తిరిగినప్పుడు ఆ స్ప్రింగు అసలు కదలదు. ఈ బండ్ల షాకుల మీద సాధారణంగా రెండు స్ప్రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన పొట్టి మెత్తటిది, కింద పొడవు బిగువుది. రెండూ కలిసి పనిచేసినంతసేపు బిగువు తక్కువ. కొంత దూరం నొక్కుకున్నాక ఒక రింగు పై స్ప్రింగును ఆపేస్తుంది, ఆ తర్వాత కింది బిగువు స్ప్రింగు ఒక్కటే భారం మోస్తుంది. ఆ రింగు స్థానం మార్చితే మెత్తదనం ఎంతవరకు, బిగువు ఎక్కడి నుంచి అన్నది మారిపోతుంది. చాలా బండ్లలో పై స్ప్రింగు మనుషుల బరువుకే పూర్తిగా నొక్కుకుపోయి, నడక మొత్తం కింది స్ప్రింగు మీదే పడేది. 2010ల్లో ఈ ఒక్క లోపాన్ని సరిచేయడం మీదే చిన్న వర్క్‌షాపుల వ్యాపారం పెరిగింది. మనిషి బరువు, మోసే సామాను, తిరిగే నేల అడిగి, స్ప్రింగులు మార్చి, రింగులు సర్ది, బండి నిలబడే ఎత్తును కొలిచి ఇచ్చేవాళ్లు. బండికి పదుల వేల డాలర్లు పెట్టినవాడు స్ప్రింగుల సెట్టుకు అందులో చిన్న వాటా పెట్టి ఎక్కువ సుఖపడ్డాడు.

నూనె పనీ స్ప్రింగు పనిలాంటిదే, కాస్త సూక్ష్మం. షాక్ అబ్జార్బర్‌లోని పిస్టన్ నూనెలో కదులుతుంది. నూనె సన్నటి దారుల గుండా, పలకల వాల్వుల గుండా పోతూ కదలికను అణిచివేస్తుంది. పిస్టన్ నెమ్మదిగా కదిలేది బండి ఒరిగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు, ఇంజిను లాగినప్పుడు. వేగంగా కదిలేది చక్రం రాయికి కొట్టుకున్నప్పుడు. కాబట్టి బండి నడక వేగంలో ఉన్నా, రాయి పదునుగా ఉంటే పిస్టన్ వేగంగానే కదులుతుంది. నెమ్మది ప్రయాణం మెత్తగా ఉండాలని నూనె అమరిక మొత్తాన్ని వదులు చేసినవాళ్లు ఇక్కడే బోల్తా కొట్టారు. కుదుపు తగ్గిందో లేదో గానీ మలుపులో బండి ఊగడం మొదలైంది. సరైన పద్ధతి దీనికి దాదాపు వ్యతిరేకం: నెమ్మది కదలికకు తగినంత అడ్డు ఉంచి, వేగపు కదలికకు దారి విప్పడం. ఫాక్స్, వాకర్ ఎవాన్స్ వంటి షాకుల తయారీదార్లు ఎడారి పందేల్లో ఈ లెక్కలు నేర్చుకున్నవాళ్లే. ఎక్స్‌పీ 1000కు వాకర్ ఎవాన్స్ షాకులు వచ్చాయి. పిస్టన్ కదలిక చివరికొచ్చేకొద్దీ అడ్డు పెరిగే షాకులు, నెమ్మది కదలికకూ వేగపు కదలికకూ వేర్వేరు బిరడాలున్న షాకులు ఖరీదైన మోడళ్లలో మామూలయ్యాయి. తక్కువ వేగపు సుఖానికి ఈ సర్దుబాట్లన్నిటికంటే ముందు చూడవలసింది టైరు గాలి. అది మారకుండా షాకు మార్చడం అంటే సగం రోగానికి వైద్యం.

కుదుపంతా నేల నుంచే రాదు. చాలా సైడ్-బై-సైడ్‌లలో గేరుబాక్సు బదులు, మంచు బండ్ల నుంచి వచ్చిన రబ్బరు బెల్టు ట్రాన్స్‌మిషన్ ఉంటుంది. పొలారిస్ 1950ల నుంచీ మంచు బండ్లు తయారుచేసిన కంపెనీయే. ఇంజిను వేగం పెరిగాక పుల్లీ మూసుకుని బెల్టును పట్టుకుంటుంది. ఆ పట్టుకునే క్షణంలో బండి ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. రాళ్ల మధ్య అంగుళం అంగుళం జరపాల్సినప్పుడు ఆ దూకుడు ప్రమాదం. దిగువ వాలులో యాక్సిలరేటర్ వదిలితే బెల్టు వదిలేసి బండి దొర్లుతుంది. యమహా తన అల్ట్రామాటిక్‌లో బెల్టును ఎప్పుడూ బిగువుగానే ఉంచి, పట్టుకునే పనిని నూనెలో తిరిగే వేరే సెంట్రిఫ్యూగల్ క్లచ్‌కు అప్పగించింది. వాలులో ఇంజిను బ్రేకింగ్ కూడా దక్కింది. రైనోకు ఉన్న గుణాల్లో ఇది చెప్పుకోదగ్గది. తర్వాత 2020 మోడల్ కవాసాకి టెరిక్స్ కేఆర్‌ఎక్స్ 1000 కూడా సెంట్రిఫ్యూగల్ క్లచ్ బాటే పట్టింది. హోండా పయనీర్ 1000, టాలన్‌లలో బెల్టే లేకుండా కారులాంటి డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు పెట్టింది. 2015లో వచ్చిన యమహా వైఎక్స్‌జెడ్1000ఆర్ చేత్తో గేర్లు మార్చే పందెపు బండి. మొదటి గేరు మరీ వేగంగా ఉండి రాళ్ల మీద క్లచ్ అదేపనిగా నొక్కాల్సి రావడంతో, తర్వాతి మోడళ్లలో కింది గేర్లను ఇంకా తగ్గించారు.

స్టీరింగులో మార్పు చప్పుడు లేకుండా జరిగింది. 2007 మోడల్ యమహా గ్రిజ్లీ 700 ఏటీవీకి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు వచ్చింది, కొన్నేళ్లలో అది సైడ్-బై-సైడ్‌లకు పాకింది. నెమ్మదిగా తిప్పేటప్పుడు మోటారు చేతికి సాయం చేస్తుంది, వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గిస్తుంది. రాయి తగిలి చక్రం ఎదురుకొట్టినప్పుడు ఆ దెబ్బ మణికట్టుదాకా రాకుండా చూస్తుంది. రోజంతా నడిపేవాడికి సీటు కంటే ఇదే ఎక్కువ సౌకర్యం.

2017లో పొలారిస్ 2018 మోడల్ ఆర్‌జెడ్ఆర్ ఎక్స్‌పీ టర్బోకు డైనమిక్స్ అనే ఏర్పాటు తెచ్చింది. అందులో ఫాక్స్ షాకుల వాల్వులను కంప్యూటరు నడుపుతుంది. స్టీరింగు ఎంత తిరిగింది, బ్రేకు నొక్కారా, బండి ఎటు ఒరుగుతోంది, చక్రాలు గాలిలో ఉన్నాయా అన్నది అది ఎడతెగకుండా చూస్తుంటుంది. తిన్నగా నెమ్మదిగా పోతుంటే షాకులను మెత్తగా ఉంచుతుంది. స్టీరింగు తిరగగానే బయటి వైపువాటిని బిగిస్తుంది. బ్రేకు వేస్తే ముందువాటిని, గాలిలోకి లేస్తే అన్నిటినీ బిగిస్తుంది. తర్వాత కొన్నేళ్లకు క్యాన్-యామ్ స్మార్ట్-షాక్స్ పేరుతో నొక్కుకునే కదలికనూ తిరిగి విచ్చుకునే కదలికనూ రెండింటినీ కంప్యూటరుకు అప్పగించింది. స్వే బార్ రోజంతా ఒకే బిగువుతో చేసే పనిని ఈ షాకులు అవసరమైన క్షణంలో మాత్రమే చేస్తాయి. కాబట్టి మిగిలిన సమయమంతా మెత్తగా ఉండగలుగుతాయి. సీటులో కట్టేసి ఉన్న డ్రైవరు చేయలేని పనిని, అంటే బరువు ఎటు మళ్లుతోందో కనిపెట్టి క్షణంలో ఎదురుమొగ్గడాన్ని, యంత్రం మొదటిసారి చేసిచూపించింది ఇక్కడే. ధర మాత్రం ఎక్కువ. పని బండ్లలో అధికభాగానికి ఇప్పటికీ మామూలు షాకులే.

ఈ కంప్యూటరు షాకులకు పూర్తిగా అవతలి కొసలో భారతదేశపు కంపెనీ బండి ఒకటి ఉంది. మహీంద్రా 2018లో మిషిగన్ రాష్ట్రంలోని ఆబర్న్ హిల్స్‌లో రాక్సర్‌ను తయారుచేసి సైడ్-బై-సైడ్‌గా అమ్మింది. మన ఊళ్లలో తరాలుగా తిరిగిన జీపు శరీరమే అది. ఉక్కు చట్రం, 2.5 లీటర్ల డీజిల్ ఇంజిను, నాలుగు చక్రాలకూ గట్టి ఇరుసులు, కమాన్ పట్టీలు. ఆర్‌జెడ్ఆర్‌తో పోలిస్తే ప్రయాణం మొరటుగా ఉంటుంది. బదులుగా, చేత్తో మార్చే గేర్లూ తక్కువ గేరు పెట్టీ ఉండటం వల్ల ఆగుతూ పాకే వేగంలో బండి డ్రైవరు చెప్పుచేతల్లో ఉంటుంది. చెడిపోతే ఏ మెకానిక్ అయినా బాగుచేసుకోగలడు. జీపు రూపాన్ని అనుకరించిందని ఫియట్ క్రిస్లర్ వేసిన కేసు వల్ల దాని ముందుభాగం మారింది, కింది కమాన్లు మారలేదు.

2021 డిసెంబరులో పొలారిస్ ప్రకటించిన రేంజర్ ఎక్స్‌పీ కైనెటిక్, జీరో మోటార్‌సైకిల్స్ మోటారుతో నడిచే విద్యుత్ బండి. సున్నా వేగం నుంచే పూర్తి లాగుడు ఇచ్చే మోటారుకు బెల్టు పట్టుకునే కుదుపు లేదు. యాక్సిలరేటర్ వెంట్రుకవాసి నొక్కితే బండి వెంట్రుకవాసి కదులుతుంది. బండికి ట్రెయిలరు తగిలించేటప్పుడు, రాళ్ల మీద పాకేటప్పుడు, వాలులో దిగేటప్పుడు ఈ గుణం పెట్రోలు బండికి అంత తేలిగ్గా రాదు. బ్యాటరీ బరువు చట్రం అడుగున ఉండటం వల్ల గరిమనాభి కిందికి దిగుతుంది. ఆ బరువే స్ప్రింగులను బిగువుగా ఎంచుకునేలా చేస్తుంది కాబట్టి షాకుల అమరికను దానికి మళ్లీ మొదటి నుంచి లెక్కవేయాల్సి వచ్చింది.